క్రియలకు పుట్టిన పేర్లు



పొలములో కోత, కళ్లములో నూర్పు, గాదెలో పంట, ఇంటిలో వంట: ఇవి యన్నియు క్రియలనుండి పుట్టిన పేర్లే. వీనిని వైయాకరణులు కృదంతములందురు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున వీనికై యొక పరిచ్ఛేదమునే రచించెను.

వండుట, వంట అను రెండును ‘వండు’ ధాతువునకు పుట్టినవే. అయినను వంట చల్లారినదందుము గాని వండుట చల్లారినదనము. వండుట పని మాత్రమే. వంట పనియు, దాని ఫలమును. వ్రాయుటకును వ్రాతకును భేదమిట్టిదే. చెరిగిపోవునది వ్రాతయే గాని వ్రాయుట కాదు.

‘ట’ చేర్చినచో ఇంచుమించుగా ఏ క్రియకైనను పేరు కలుగును. దానిని సూత్రము నేర్పును. కాని కోయునకు కోత, ఓర్చునకు ఓర్పు, నమ్మునకు నమ్మకము, తినునకు తిండి ఏల కావలెను? ఇచట వాడుకయే ప్రమాణము; చెవియే గురువు.

బడిలో నేను బాలురకు సూత్రమును చెప్పగలిగితిని. ఊడ్పు, నూర్పు అను మాటలు వారికి పొలముననే వినవచ్చెడివి. నేడు పెక్కుచోట్ల యంత్రమే ఊడ్చుచున్నది, నూర్చుచున్నది. పని చేతినుండి తొలగినచో మాటయు నోటినుండి తొలగును. కావున పెద్దలారా, మనుమలను గట్టుమీదికి తోడ్కొనిపోయి, ఒక్కొక్క పనిని దాని పేరుతో చెప్పి చూపుడు.