జరిమానా 30 రూపాయలు

ఏటా ఇక్కడ పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాము. ఈసారి మా సంఘం చేసిన ఒక తప్పు, దాన్ని ఎట్లా దిద్దుకున్నామో చెప్తాము.

మా సభ్యురాలి కొడుక్కి ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుపోయి, పట్టుకుంటే మునివేళ్ల మీద నిలబడేవాడు. మడమ నేలకు ఆనేది కాదు. మడమ వెనక బిగుసుకున్న దాన్ని పొడవు చేసే ఆపరేషన్ రెండు కాళ్లకూ చేశారు. ఆరు వారాలు పిండికట్టు. మొదటి మూడు వారాలు ఆమె మీటింగుకు రాలేదు. పంచసూత్రాల్లో మొదటిది మీటింగే కదా అని వారానికి 10 చొప్పున 30 రూపాయలు జరిమానా రాశాము. ఇల్లు రెండు వీధుల అవతలే. ఒక్కరమూ వెళ్లి చూడలేదు.

నాలుగో వారం ఆమే వచ్చి డబ్బులు పెట్టింది. "రాత్రిళ్లు కట్టులోనే కాళ్లు గుంజుకుపోయి కేకలు పెడుతున్నాడక్కా. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో" అంది. మాకు తలెత్త బుద్ధి కాలేదు.

అప్పుడే జరిమానా కొట్టేసి వంతులు వేసుకున్నాము. పగలు ఒకరం బాబు దగ్గర కూర్చుంటే ఆమె పడుకునేది. కాళ్ల కింద దిండు పెట్టడం, కట్టు తడవకుండా చూడటం, దురద పెడితే లోపల పుల్ల పెట్టనివ్వకపోవడం నేర్చుకున్నాము. వేళ్లు నీలంగా, చల్లగా అయినా, బాగా వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు వాయిదాలు సంఘమే సర్దింది.

కట్టు విప్పాక ఇంకో కష్టం. కాళ్లు సన్నబడ్డాయి, మునుపటిలా కూడా నిలబడలేకపోయాడు. "కోయించి ఉన్న కాళ్లు పోగొట్టింది" అని ఊళ్లో అన్నారు. ఆమె కూడా అదే అనుకుని ఏడ్చింది. ఇద్దరం తోడు వెళ్లి డాక్టరును అడిగాము. కట్టులో కదలక కండ తగ్గుతుంది, బలం రావడానికి నెలలు పడుతుంది అన్నారు. ఆపరేషన్ కాలికే గాని మెదడుకు కాదు, పిల్లవాడు ఎదిగే కొద్దీ బిగువు మళ్లీ రావచ్చు, అందుకే వ్యాయామం ఆపకూడదు అని చెప్పారు. అప్పటి నుంచి భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ రోజున ఎవరో ఒకరం తోడు వెళ్తున్నాము. ఇంట్లో రెండు పూటలా కాళ్లు మెల్లగా సాగదీయాలి. బలవంతం చేయకూడదు.

ఏడో నెలలో బాబు కిటికీ ఊచలు పట్టుకుని రెండు మడమలూ ఆనించి నిలబడ్డాడు. ఇంకా నడవలేదు. నడుస్తాడని మేము చెప్పలేము. కానీ ఇప్పుడు వాళ్లమ్మ నిద్రపోతోంది, పూట కూలికి వెళ్తోంది.

సమాఖ్యకు మాది ఒకటే మనవి. మీటింగుకు రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు ఒకరు ఆ ఇంటికి వెళ్లి రావాలి. దీన్ని తీర్మానంగా రాసుకుందాం. సెలవు.