ఓవరీ క్యాన్సర్: నాన్న వైపు వాళ్ల గురించి కూడా అడగండి

తనకల్లు నుంచి నేను. ఈ ఎపిసోడ్‌లో ఓవరీ క్యాన్సర్, అంటే అండాశయ క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. అబ్బాయిలూ, మీరు స్కిప్ చేయొద్దు. ఇందులో మీకూ పనుంది, ఎందుకో చెప్తా.

మన ఒంట్లో కణాలు రోజూ విడిపోతూ కొత్తవి పుడుతుంటాయి. అప్పుడు డీఎన్ఏలో తప్పులు పడుతుంటాయి. ఆ తప్పులు క్యాన్సర్‌గా మారకుండా కొన్ని ప్రొటీన్లు అడ్డుకుంటాయి. వాటినే ట్యూమర్ సప్రెసర్ ప్రొటీన్లు అంటారు. మన చెనిక్కాయ చేలల్లో పందులు పడకుండా రాత్రిపూట కావలి ఉంటారు కదా, అట్లాగన్నమాట.

వీటిలో బాగా పేరున్నది పీ53. 1979లో కనుక్కున్నారు. పదేళ్లపాటు దీన్నే దొంగ అనుకున్నారు! ఇది కాపలా కాసేదని 1989లో గానీ తెలియలేదు. డీఎన్ఏ దెబ్బతింటే ఇది కణాన్ని ఆపి రిపేరుకు టైమిస్తుంది. రిపేరు కాకపోతే ఆ కణాన్నే చంపేస్తుంది. ఓవరీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం హై గ్రేడ్ సీరస్. 2011లో వచ్చిన ఒక పెద్ద అమెరికా పరిశోధనలో, ఈ రకం గడ్డల్లో నూటికి 96 వాటిలో పీ53 జీన్ పాడైపోయి ఉంది. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేది కాదు, తర్వాత పాడయ్యేదే.

వంశంలో దిగేవి వేరే ఉన్నాయి: బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. తెగిన డీఎన్ఏను అతికించడం వీటి పని. ఒక్కో జీన్ రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. చేనుకు ఇద్దరు కావలివాళ్లు అనుకోండి. పుట్టుకతోనే ఒకడు లేడు. రెండోవాడు కూడా పడుకున్నాడంటే చేను పోయినట్టే. మామూలుగా వందమంది ఆడవాళ్లలో సుమారు ఒక్కరికి ఈ జబ్బు వస్తుంది. బీఆర్‌సీఏ1 లోపం ఉంటే సుమారు 40 మందికి రావచ్చు.

ఇప్పుడు అసలు విషయం. డాక్టర్ అడిగితే అమ్మ, పిన్నమ్మ గురించి చెప్తాం, నాన్న వైపు వదిలేస్తాం. నాన్నకు ఓవరీ లేకపోవచ్చు, లోపం ఉండొచ్చు. ఉంటే కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ సగం చాన్సు. కాబట్టి మేనత్తకో జేజికో ఓవరీ క్యాన్సర్‌గానీ రొమ్ము క్యాన్సర్‌గానీ వచ్చిందా అని ఇంట్లో అడగండి. వచ్చి ఉంటే, జబ్బు వచ్చినవాళ్లకే ముందు రక్తంతో చేసే జీన్ టెస్టు గురించి క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి. లోపం తేలితే ఓలాపరిబ్ లాంటి మందులు పనికొస్తాయి. మిగతా ఇంట్లోవాళ్లూ ముందే జాగ్రత్తపడొచ్చు.

ఇంకొకటి. పొట్ట ఉబ్బరం, కొంచెం తింటేనే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం... ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోవద్దు. అన్నిసార్లూ క్యాన్సరే అని కాదు. కానీ లేడీ డాక్టర్‌కి చూపించి, స్కానింగ్ అవసరమా అని అడగండి.

ఈ రాత్రి అన్నాల దగ్గర మీ నాన్నని ఒక్క మాట అడగండి. ఉంటా మరి, నమస్తే.