తాత్కాలికోద్యోగములు – వాని నిజమైన జీతములు
(సిద్దిపేటలోని ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)

 

ఈ పఠనమందిరమునకు ఉదయముననే వచ్చు యువకులు పత్రికలో మొదట వెదకునది రాజకీయవార్త కాదు, ఉద్యోగ ప్రకటన. అందును శాశ్వతోద్యోగముల ప్రకటనలు అరుదు. పదునొకండు నెలలకు, ఒక విద్యాసంవత్సరమునకు, ఒక పంటకాలమునకు మాత్రమే మనుష్యులు కావలెనను పిలుపులే అధికము. వానిని నేను చిన్నచూపు చూచుట లేదు. వానివలననే ఎన్నో సంసారములు గడచుచున్నవి. కాని పని దొరకెనను సంతోషమున, ఆ పనికి నిజముగా చేతికి వచ్చునదెంత యని అడుగుట మఱచుచున్నాము. నేడు నేను మనవి చేయదలచినది ఈ యొక్క మాటయే: లెక్క తెలియని జీతమునకు చేసిన పని సగము వెట్టియే.

వెట్టి యను మాట తెలంగాణమునకు కొత్తది కాదు. 1930లో మన జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగెను. వెట్టిచాకిరికి వ్యతిరేకముగా ప్రజలను మేల్కొలిపిన సంస్థలలో ఆ మహాసభ ముఖ్యమైనది. నాటి వెట్టివానికి కూలి లేదు. నేటి తాత్కాలికోద్యోగికి కూలి కలదు. అయితే అది ఎవరి చేతులు దాటి, ఎంత తరిగి, ఎన్ని గంటల శ్రమకు వచ్చుచున్నదో పలువురికి తెలియదు.

మన యూరి సంగతి చూడుడు. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా కేంద్రమయ్యెను. 2018లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చెను. కార్యాలయములు, ఆసుపత్రి, పురపాలక సంఘము పెరిగినకొలది పారిశుద్ధ్యము, కాపలా, కంప్యూటరు పనులకు ఏజెన్సీల ద్వారా మనుష్యులను తీసికొనుట పెరిగినది. 2020లో రంగనాయకసాగరమునకు నీరు వచ్చిన తరువాత వరిసాగునకు ఊతము కలిగెను. కోతల కాలమున కొనుగోలు కేంద్రములలో హమాలీలకు బస్తా లెక్కన కూలి. బీడీలు చుట్టు స్త్రీలకు వేయి బీడీలకింత. గొల్లభామ చీర నేయువానికి చీరకింత. ప్రైవేటు పాఠశాలలోని ఉపాధ్యాయునకు నెలకింత, వేసవిలో పలుచోట్ల ఏమియు లేదు. ఇన్ని పనులకు ఇన్ని కొలతలుండగా, నోటిమాటగా చెప్పిన అంకెను నమ్మి పనిలో చేరుట ఎట్లు?

ఒక లెక్క వేసి చూతము. ఒక ఏజెన్సీవారు నెలకు 15,000 రూపాయలనిరి అనుకొనుడు. అది మూలవేతనమైనచో ఉద్యోగి వంతుగా భవిష్యనిధికి నూటికి 12 చొప్పున 1,800, రాజ్యబీమాకు నూటికి ముప్పాతిక చొప్పున 113 రూపాయలు పోగా, చేతికి 13,087 వచ్చును. కాని యజమాని చెల్లింపవలసిన వంతును కూడ ఆ 15,000లోనే కలిపి చెప్పినచో మూలవేతనము సుమారు 12,900కు దిగును. చేతికి వచ్చునది 11,260కి మించదు. పలికిన అంకె యొకటే, వ్యత్యాసము నెలకు 1,800 పైచిలుకు. కావున ‘యజమాని వంతు లోపలనా, వెలుపలనా?’ యని మొదటనే అడుగవలయును. భవిష్యనిధికి కోసిన సొమ్ము పోయినది కాదు, మనదే. కాని కోసినది మన ఖాతాలో నిజముగా జమయైనదో లేదో నెలనెల చూచుకొనవలయును.

రెండవది గంటల లెక్క. దినమునకు ఎనిమిది గంటలు, నెలకు 26 దినములు చేసినవానికి 15,000 రూపాయలనగా గంటకు 72 రూపాయలు. కాపలాదారునివలె దినమునకు పండ్రెండు గంటలు, నెలకు ముప్పది దినములు చేసినవానికి అదే సొమ్ము గంటకు 41 రూపాయల పైచిలుకు మాత్రమే. ఎనిమిది గంటలకు మించిన పనికి రెట్టింపు చొప్పున చెల్లింపవలెనని చట్టము చెప్పుచుండగా, మన కాపలాదారుడు అదనపు గంటలను ఉచితముగా ధారపోయుచున్నాడు.

మూడవది నెలల లెక్క. ఒక పట్టభద్రునకు పాఠశాలలో నెలకు 8,000 ఇచ్చి పది నెలలకే జీతము కట్టినచో సంవత్సరము పొడుగున నెలకు 6,667 పడును. ఉపాధిహామీ పనికి 2025-26 సంవత్సరమున తెలంగాణములో నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. 26 దినములకది 7,982. మట్టిపనిని తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. పిల్లలకు చదువు చెప్పువానికి ఆపాటి కూలియైనను ముట్టకపోవుట సమాజమునకు గౌరవము కాదని మాత్రమే నా మనవి. అట్లే 2023 అక్టోబరునుండి మన యూరికి రైలు నడచుచున్నది. నగరమున పనికి పోవువారు అచ్చటి గది అద్దె, భోజనవ్యయము తీసివేసిన పిమ్మటనే జీతమును జీతమనవలయును.

ఇక పని వెదకుటను గూర్చి. జిల్లా ఉపాధి కల్పన కార్యాలయమున పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. ఉద్యోగమిప్పింతునని ముందుగా సొమ్మడుగువానిని దూరముంచుడు. పదునొకండు నెలల పనికి 50,000 రూపాయలు లంచమిచ్చినవాడు నాలుగు నెలలకు మించిన జీతమును చేరకమునుపే పోగొట్టుకొనినవాడు. మరల పొడిగింపునకు మరల చేయి చాపరని ఎవరు చెప్పగలరు?

‘ఇప్పుడు తాత్కాలికము, ముందుముందు శాశ్వతమగును’ అను మాట కూడ వినవచ్చును. తాత్కాలికముగా చేరినంతమాత్రమున శాశ్వతోద్యోగమునకు హక్కు కలుగదని సుప్రీము కోర్టు 2006లో ఉమాదేవి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అదే న్యాయస్థానము 2016లో, ప్రభుత్వమునందు శాశ్వతోద్యోగితో సమానమైన పని చేయు తాత్కాలికోద్యోగికి ఆ పదవి వేతనశ్రేణిలోని కనీస వేతనమీయవలెనని చెప్పెను. కావున రేపటి ఆశకై నేటి జీతమును వదలుకొనరాదు. తన్ను నియమించినది ప్రభుత్వమా, ఏజెన్సీయా యని కాగితముమీద చూచుకొనుట అందుచేతనే ముఖ్యము. ఏజెన్సీవాడు జీతమెగవేసినచో అసలు యజమాని చెల్లింపవలెనని 1970నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము శాసించెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మికస్మృతులును ఆ బాధ్యతను నిలిపినవి. నియామకపత్రమును, జీతపు చీటిని ఇచ్చి తీరవలెననియు విధించినవి.

‘ఇన్ని యడిగినచో పని ఇత్తురా?’ అని మీలో కొందరు తలచుచుండవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. ఒక్కడు అడిగినచో వానిని పంపివేసి మరియొకని పిలుతురు. పదిమందియు అదే ప్రశ్న అడిగినచో పిలుచుటకు పదునొకండవవాడు దొరకడు. అందుచేత ఈ మందిరమున వార్తాపత్రికల ప్రక్కన ఒక పుస్తకముంచుడు. పనిచేసి వచ్చిన ప్రతివాడును తన పేరు వ్రాయక, పని యేది, గంటలెన్ని, చెప్పినదెంత, చేతికి వచ్చినదెంత, ఏ తేదీన వచ్చినది యని అయిదు సంగతులు వ్రాయవలయును. చదువరానివారికి చదువు వచ్చినవారు వ్రాసిపెట్టవలయును. హమాలీలు, బీడీకార్మికురాండ్రు, పంతుళ్లు అందరును ఒకే పుస్తకమున కనబడవలయును.

ఆరు మాసములు గడచుసరికి ఈ యూరిలో ఏ పనికెంత కూలియో చెప్పగల పుస్తకము మన చేతిలో నుండును. పని కొఱకు పోవు యువకుడు దానిని చూచి, ‘పోయినసారి ఇంత ఇచ్చితిరి గదా’ యని ధైర్యముగా అడుగగలడు. ఇందుకు కావలసినది ఒక పుస్తకము, ఒక కలము మాత్రమే. రేపే ప్రారంభింపవలసినదిగా మందిర నిర్వాహకులను ప్రార్థించి విరమించుచున్నాను.