నాటకపు పాటకు గురువెవరు?

(అమలాపురమునందలి యొక పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)



గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న మన సీమలో దేవీ నవరాత్రములు వచ్చినను, శివరాత్రి వచ్చినను, ఊరి తీర్థము వచ్చినను పందిరి వేసి పద్యనాటక మాడించుట పెద్దలనాటి మర్యాద. ఆ మర్యాద సన్నగిల్లినదే కాని చావలేదు. రాత్రి హార్మోనియము శ్రుతి వినబడగానే చాపలు చంకబెట్టుకొని వచ్చువారు నేటికిని కలరు. అయితే ఆ పందిటిలో వారు వినునది యేమి? ఉద్యోగవిజయములలోని పడకసీను, రాయబారము, హరిశ్చంద్రలోని కాటిసీను, గయోపాఖ్యానములోని కృష్ణార్జునుల సంవాదము, తులాభారము. ఇవి మన సొత్తు. వీనిని విడిచిపెట్టుడని చెప్పుటకు నే నిచ్చటికి రాలేదు. కాని వీనిలో మిక్కిలి పిన్నదానికి సైతము సుమారు నూరేండ్ల వయస్సున్నది. తాత 'వన్స్‌మోర్' అని కేకవేసిన పద్యమునకే మనుమడును కేకవేయుచున్నాడు. అది మంచిదే. కాని మనుమని కాలమున పుట్టిన పాట యొక్కటియైన ఆ పందిటివరకు నడచి రాకపోవుట మంచిదా? నేటి సభలో నేను విచారింపగోరున దిదియే.

క్రొత్తగా వ్రాయువారు లేరని కొందరందురు. అది నిజము కాదు. మన సీమలో పద్యమల్లు యువకులున్నారు. పాట కట్టు బాలికలున్నారు. వారు వ్రాసినది కాగితముపైననే నిలిచిపోవుచున్నది. కాగితమునుండి గొంతునకును, గొంతునుండి రంగమునకును దానిని నడిపించు చేయి లేదు. పూర్వ మా చేయి యుండెడిది. చరిత్ర చూచిన నీ సంగతి తేటపడును.

1880 దశాబ్దమున ధార్వాడ నాటకసమాజమువారు మన పట్టణములకు వచ్చి యాడిన నాటకములు మనవారిలో గొప్ప సంచలనము కలిగించెను. ఆ దశాబ్దముననే బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు తెలుగు నాటకమున పద్యమును పాటను ప్రవేశపెట్టిరి. ఆయన యొంటరిగా గదిలో కూర్చుండి వ్రాయలేదు. సరసవినోదినీ సభ యను నాటకసమాజ మాయన చెంత నుండెను. వ్రాసినదానిని నటుడు పాడెను, పాడినదానిని ప్రేక్షకుడు వినెను, పొసగనిది సరిదిద్దబడెను.

ఇంక మన గోదావరి తీరమునకే వత్తము. రాజమహేంద్రవరమున ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు నాటకసమాజమును నడుపుచు, ఇరువదేండ్లు దాటిన యొక యువకుని నాటకములు వ్రాయుమని ప్రోత్సహించిరి. ఆ యువకుడే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. కీచకవధ, ద్రౌపదీపరిణయము, గయోపాఖ్యానము ఆ ప్రోత్సాహమున పుట్టినవి. బాలుడైన టంగుటూరి ప్రకాశముగారు వేషముకట్టినది యా సమాజముననే. కంటిచూపు మందగించిన యువకునిచేత నన్ని నాటకములు వ్రాయించిన దెవరు? బహుమతి కాదు. 'నీవు వ్రాయుము, మేమాడెదము' అన్న యొక సమాజము. ఉద్యోగవిజయములు రచించిన జంటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో పాఠము చెప్పుచుండగా విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన యెదుట కూర్చుండిన శిష్యులు. గురువు దొరికినచోట కవులు గుంపులుగా పుట్టుట వింత కాదు.

నా యనుభవ మొక్కటి చెప్పుటకు సెలవిండు. ఇరువదియేండ్ల ప్రాయమున మా యూరి నాటకమునకు నేనొక పాట వ్రాసితిని. కుంతి గంగాతీరమున కర్ణుని కలిసికొను ఘట్టము. పాట నిండ సూర్యాస్తమయ వర్ణనము. మిత్రులు మెచ్చిరి. ఆ నాటకమునకు హార్మోనియము వాయించు వృద్ధుడు దానిని రెండుమారులు మీటి చూచి యిట్లనెను: "అబ్బాయీ, నీ పాట కాగితం మీద బాగానే ఉంది గాని గొంతులో దిగదు. మెట్టు సాగేచోట నువ్వు 'క్క', 'ట్ట' అని తలుపేశావు. అక్కడ దీర్ఘం ఉంటే గదా రాగం తీసేది! ఇంకో మాట. ఆ తల్లి గంగ ఒడ్డుకి సూర్యుణ్ణి చూడ్డానికొచ్చిందా, కొడుకుని అడగడానికొచ్చిందా?"

ఆ రెండు ప్రశ్నలు నాకు రెండేండ్ల చదువు. నాటకపు పాట యనగా వట్టి గేయము కాదు. పాడువాని యూపిరికి తగినట్లు పాదము విరుగవలెను. హెచ్చుస్థాయిలో నిలుచుచోట నోరు తెరచుకొను నచ్చు ఉండవలెను. యతి ప్రాసలు వినువాని చెవికి తోడుపడవలెనే కాని పాడువాని కాలికి బంధము కారాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పాట ముగియునప్పటికి కథ యొకడుగు ముందుకు వేసి యుండవలెను. కుంతి పాట మొదట నొక నిశ్చయముతో వచ్చి, తుదిని మరియొక స్థితిలో నిలువవలెను. ఈ రహస్యములు ఛందశ్శాస్త్ర గ్రంథమున దొరకవు. హార్మోనియము ప్రక్కను కూర్చుండిననే దొరకును.

ఆ పిమ్మట కొన్నియేండ్లకు నేనొక పోటీకి నాటక మొకటి పంపితిని. శాలువ కప్పిరి, జ్ఞాపిక యిచ్చిరి, ఛాయాచిత్రము తీసిరి. నా నాటకమున మూడవరంగము కుంటినడక నడచుచున్నదని యెవ్వరును చెప్పలేదు. అది నాకే పదేండ్ల తరువాత తెలిసినది. ఆ శాలువకంటె ఆ ముసలివాని మందలింపే నాకు పెద్ద బహుమతి యని నేడు చెప్పుచున్నాను.

బహుమతులు వ్యర్థమని నా భావము కాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలచేత నాటకమునకు చేసిన సేవ మఱువరానిది. 1998 మొదలుకొని ప్రభుత్వము జరిపిన నంది నాటకోత్సవములలో పద్యనాటకమునకు ప్రత్యేక విభాగ మేర్పరచుట శ్లాఘనీయము. 2023 డిసెంబరులో గుంటూరున జరిగిన యుత్సవములోను పద్యనాటకములు ప్రదర్శింపబడెను. ఇట్టి పోటీల పుణ్యముననే క్రొత్త పద్యనాటకములు కొన్ని పుట్టుచున్నవి. అయితే పోటీ యనునది పండిన గెలను తూచు త్రాసు. మన కోనసీమ రైతు నడుగుడు: త్రాసు ఎంత మంచిదైనను కొబ్బరిమొక్కకు నీరు పోయదు. నాటకము సిద్ధమైన తరువాత వచ్చు బహుమతి, నాటకము సిద్ధము కాకమునుపు తడబడుచున్న బాలునికి ఏమి యుపకారము చేయగలదు?

మరియొక లోపమున్నది. పాట వ్రాసినవాని పేరు మన పందిళ్లలో వినబడదు. శ్రీకృష్ణతులాభారము ముత్తరాజు సుబ్బారావుగారి నాటకము. అందు కృష్ణుని బేరమునకు పెట్టు పాటను తెలుగుదేశమంతయు పాడుకొనినది; చలనచిత్రములకును అది యెక్కినది. ఆ పాట చందాల కేశవదాసుగారి రచన యని మీలో నెందరెరుగుదురు? ఖమ్మము ప్రాంతమున 1876లో పుట్టి 1956లో గతించిన ఆ మహానుభావుడే, 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదకును పాటలు వ్రాసెను. పాట బ్రదికినది, పేరు మరుగుపడినది. పేరు దక్కని వృత్తిలోనికి యువకులు రావలెనన్న నెట్లు వత్తురు? నాటకకవి టాకీల వెంట మదరాసునకు తరలిపోయినాడని మనము నిష్ఠురమాడితిమి. ఇచట నతనిని నిలుపుకొనుట కేమి చేసితిమో యడుగుకొనలేదు.

ఇతర దేశములవారు ఈ చిక్కును గుర్తించిరి. అమెరికాలో స్టీఫెన్ సాండ్‌హైమ్ అను బాలుడు పదునైదేండ్ల ప్రాయమున తన బడికొరకు సంగీతనాటకము వ్రాసి, మిత్రుని తండ్రియు ప్రసిద్ధ నాటకగేయకారుడు నైన ఆస్కర్ హామర్‌స్టైనునకు చూపెను. ఆయన ముఖస్తుతి చేయక, అది బాగుగ లేదని స్పష్టముగ చెప్పి, ఏల బాగుగ లేదో యొక మధ్యాహ్న మంతయు కూర్చుండి విప్పిచెప్పెను. పిదప నాలుగభ్యాసములు పెట్టెను. నీకు నచ్చిన నాటకమును పాటలతో తిరుగ వ్రాయుము. నచ్చియు లోపము తోచిన నాటకమును సవరించి వ్రాయుము. నాటకముగా లేని కథను నాటకము చేయుము. తుదకు స్వకపోలకల్పితమును వ్రాయుము. 2021లో గతించునాటికి సాండ్‌హైమ్ ఆ దేశపు సంగీతనాటకమునకు పెద్దదిక్కై యుండెను. లండనులో జార్జ్ స్టైల్స్, ఆంథొనీ డ్రూ అను జంట 2008 మొదలుకొని క్రొత్త నాటకగేయమునకు బహుమతి నేర్పరచి, తరువాత దానికి మార్గదర్శనపు పురస్కారమును జోడించిరి. బహుమతి యొక్కటి చాలదని వారికి తోచినది గదా!

పరదేశపు మాట యెందుకని మీరడుగవచ్చును. ఇది పరదేశపు పద్ధతి కానేకాదు, మన పద్ధతియే. మన యగ్రహారములలో వేదమును పుస్తకము చూచి నేర్చినవా డున్నాడా? గురువు నోట విని, తిరుగ జెప్పి, తప్పు దిద్దించుకొని, సభలో పరీక్ష నిచ్చిన పిదపనే సంభావన. మన బండారులంకలో నేతబిడ్డ పడుగు పేకల మర్మము నెట్లు నేర్చినాడు? మగ్గము గుంట ప్రక్కను కూర్చుండియే. కపిలేశ్వరపురమున శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల బాలబాలికలను చేరదీసి, గజ్జె కట్టించి, కథ చెప్పించినది. హరికథకు బడి పెట్టగలిగిన సీమకు నాటకపు పాటకు బడి పెట్టుట యసాధ్యమా?

కనుక నా మనవి యిది. అమలాపురము, రాజోలు, కొత్తపేట: ఈ మూడు చోట్ల నుండి ఏటేట ముగ్గురిని ఎన్నుకొందము. కులము, స్త్రీపురుష భేదము, కళాశాల పట్టములు చూడవద్దు. బోయి భీమన్నగారు 1911లో పుట్టినది మన మామిడికుదురుననే. 'పాలేరు' నాటకము వ్రాసి అణగియున్నవారి బ్రతుకును రంగమెక్కించిన ఆ చేయి యే యింటనుండి వచ్చినదో తలచుకొనుడు. అట్టి చేయి నేడే గుడిసెలో నున్నదో మన మెరుగము, వెదకవలెను.

ఎన్నుకొనిన ముగ్గురికి ఇద్దరు గురువులు: ఒకరు పద్యమెరిగినవారు, ఒకరు హార్మోనియ మెరిగినవారు. అభ్యాసములు నాలుగు. మొదట, పాత మెట్టునకు క్రొత్త మాటలు. రెండవది, పాత నాటకమున పాటలేని ఘట్టమునకు పాట. మూడవది, మన సీమ కథ యేదైన నొకదానికి రెండు రంగములు. 1996 నవంబరు తుపాను రాత్రి యొక్కటి చాలదా? ఆ రాత్రి బిడ్డను కోల్పోయిన తల్లికి మన పద్యనాటకము నేటివరకు నొక్క పాటయైన ఇచ్చినదా? నాలుగవది, సొంత నాటకము. నెలకొక్కమారు ముగ్గురును తమ పాటలను పఠనమందిరమున పాడించి, అందరి యెదుట విమర్శ వినవలెను. సంవత్సరాంతమున పందిటిలో పాతనాటకమునకు ముందు అరగంట వారిది. బహుమతి ఆ రాత్రి తరువాతనే. వ్రాతప్రతికి కాదు, పాడబడిన పాటకు. అందు సగము శిష్యునికి, సగము గురువునకు. కరపత్రమున నటుని పేరెంత యక్షరములలో నున్నదో పాట వ్రాసినవాని పేరును అంతే యక్షరములలో నుండవలెను. కందుకూరి వీరేశలింగముగారి జన్మదినమైన ఏప్రిల్ 16 తెలుగు రంగస్థల దినోత్సవము గదా. బహుమతి నా దినముననే యిత్తము.

ద్రవ్య మెక్కడిదని యడుగుదురు. ఒక్క తీర్థమున ఒక్క రాత్రి దీపాలంకారమునకు వెచ్చించు సొమ్ములో కొంత భాగ మీ పనికి చాలును. ముగ్గురిలో నిద్దరు మానివేయుదురని మరికొంద రందురు. మానివేయనిండు. ఒక్కడు నిలిచినను పదేండ్లకు పదుగురు. వారందరు మహాకవులు కానక్కరలేదు. వారిలో నొకని పాట పందిటిలో నిలిచినను మన శ్రమ ఫలించినట్లే.

కాని యాలస్యము చేయరాదు. నాకు దీర్ఘము నేర్పిన ఆ హార్మోనియపు వృద్ధుడు నేడు లేడు. ఆయన చేతిలోని విద్యలో నాకు దక్కినది పిడికెడు. తక్కినది ఆయనతోనే పోయినది. అట్టివారు మన గ్రామములలో నింకను కొందరు మిగిలియున్నారు. వారి ప్రక్కను చాప ఖాళీగా నున్నది. ఆ చాపపై కూర్చుండబెట్టుటకు మీ వీధిలో నొక బాలునో బాలికనో వెదకి, వచ్చు నవరాత్రములలోగా తీసికొని రండు. బహుమతి సంగతి తరువాత చూచుకొందము.