విద్యుత్ సైకిలుపై విశాఖ తీరము

నేను ముంచింగిపుట్టు ప్రాంతమున ముప్పది సంవత్సరములు బడిపంతులుగా పని చేసినవాడను. కొండదారులలో నడచుట నాకు అలవాటు గాని సైకిలు నాకెన్నడును అచ్చిరాలేదు. మా ప్రాంతమున సైకిలు ఎక్కి పోవు వాహనము కాదు, తోసుకొని పోవు వాహనము. పల్లమున అది మనలను లాగుకొని పోవును, ఎగువన దానిని మనము లాగుకొని పోవలెను. అట్టి నేను, మోకాళ్ల నొప్పులతో, అరువది దాటిన వయస్సున, విశాఖపట్నపు సముద్రతీరమున ఒక్క ఉదయమున సైకిలు త్రొక్కితినని చెప్పగా మా యింట ఎవరును నమ్మలేదు. ఆ ముచ్చటను ఈ పూట మీకు విన్నవించుకొందును.

నాకు ఈ సాహసము కల్పించినవాడు నా పూర్వశిష్యుడు. జోలాపుట్ జలాశయమునకు సమీపమునగల ఒక గూడెమువాడు. చదువు ముగిసిన పిమ్మట విశాఖ చేరి, యాత్రికులను విద్యుత్ సైకిళ్లపై వెంటబెట్టుకొని తీరమంతయు చూపించు పనిలో కుదిరినాడు. పాడేరు మీదుగా ఘాటు దిగి వైద్యమునకై నగరమునకు వెళ్లిన నన్ను తెల్లవారుజామున వచ్చి లేపినాడు.

“మాస్టారూ, మీరు ఎక్కి కూర్చుని పెడలు ఆడించండి చాలు. మిగతా సంగతి బండి చూసుకుంటాది” అన్నాడు.

ఆ బండి చూచుటకు మామూలు సైకిలే. చక్రపు నడుమ చిన్న మోటారు, చట్రమునకు బిగించిన బ్యాటరీ, ఇంతియే భేదము. మనము పెడలు త్రొక్కగనే ఆ సంగతిని కనిపెట్టి మోటారు తన బలమును జతచేయును, త్రొక్కుట మానినచో తానును మానును. బ్రేకు పట్టినంతనే కరెంటు ఆగిపోవును. వెనుకనుండి ఎవరో సున్నితముగా వీపుపై చేయివేసి నెట్టుచున్నట్లుండును గాని, బండి మనలను ఈడ్చుకొనిపోవుచున్నట్లుండదు. ఈ ఆలోచన నేటిది కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అను నతడు 1895 లోనే చక్రపు నడుమ మోటారు గల సైకిలుకు పేటెంటు పొందినాడు. తేలిక బ్యాటరీలు వచ్చువరకు ఆ ఆలోచన మూలబడియుండెను. మన దేశపు నిబంధనల ప్రకారము మోటారు బలము 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును మించని ఇట్టి సైకిలుకు లైసెన్సు అక్కరలేదు. అయినను శిష్యుడు నా తలకు హెల్మెటు తగిలించి, పట్టీ బిగించి, రెండుమార్లు లాగి చూచినగాని కదలనీయలేదు. ఒకప్పుడు వాని చొక్కా గుండీలు సరిచేసినవాడను నేను!

మా ప్రయాణము కోస్టల్ బ్యాటరీ వద్ద మొదలయ్యెను. బ్యాటరీ అన్న పేరు విని, సైకిళ్లకు కరెంటు నింపు చోటు కాబోలుననుకొంటిని. శిష్యుడు నవ్వి, తీరరక్షణకై ఫిరంగులను వరుసగా నిలిపిన తావును ఆంగ్లమున బ్యాటరీ అందురని చెప్పినాడు. గురువునకు పాఠము చెప్పు అవకాశము దొరికినందులకు వాని ముఖమున వెలుగు కనబడెను.

అక్కడనుండి దక్షిణముగా చూచిన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రములోనికి మూతి చాచుకొని యుండును. ఆ కొండ చాటుననే రేవు. 1933 లో ఈ రేవు తెరువబడిన నాటినుండి విశాఖ గతి మారినది. ఓడల దారికి ఎదురుగా మూడు గుట్టలు కలవు. ఒకదానిపై మేరీమాత గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల. సముద్రము మీదికి పోవువారు ముగ్గురికిని మ్రొక్కుకొని పోవుదురట. ఆ రేవునకు లోపలి వైపున, సింధియా కంపెనీవారి నౌకా నిర్మాణశాలలో తయారైన ‘జల ఉష’ అను ఓడను 1948 మార్చి 14 న నెహ్రూ పండితుడు జలప్రవేశము చేయించినాడు.

ఉత్తరముగా బండ్లు మరలించితిమి. ఎడమవైపున నగరము, కుడివైపున సముద్రము. కారులో పోవువానికి ఈ రెండును అద్దము వెనుకటి బొమ్మలు. నడచువానికి ఒక్క మైలు గడచుసరికే ఎండ ముదురును. ఈ సైకిలు వేగము మాత్రము చక్కగా కుదిరినది. వలలు విదిలించు జాలరుల మాటలు చెవిన పడును, చేపల వాసన ముక్కునకు తగులును, కావలసినచోట కాలు నేలమీద మోపి ఆగవచ్చును.

రామకృష్ణ మిషన్ ఆశ్రమము పేరుమీద ప్రసిద్ధమైన తీరము చేరితిమి. అచ్చట 1971 యుద్ధపు స్మారకచిహ్నము కలదు. ఆ సంవత్సరము డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ ఈ తీరమునకు సమీపముననే మునిగినది. మరికొంత ముందునకు పోగా మన జలాంతర్గామి ‘కుర్సుర’ ఇసుకపై విశ్రాంతి తీసికొనుచున్నది. 1969 లో నౌకాదళమున చేరి, 2001 లో విరమించి, 2002 లో ప్రదర్శనశాలగా మారినది. 91 మీటర్ల పొడవు గల ఆ ఉక్కు గొట్టములో మనుష్యులు వారముల తరబడి పగలు రాత్రి తెలియక బ్రతికినారు. దానికి ఎదురుగా టి.యు.142 విమానము నిలుపబడియున్నది. విశాఖ మ్యూజియము కూడ ఈ తీరపు దారిలోనిదే. 1942 ఏప్రిల్ 6 న జపాను విమానములు ఈ పట్టణముపై బాంబులు వేయగా ప్రేలక మిగిలిన ఒక బాంబు అందులో కలదు. ఆ దినములలో జనము పిల్లాజెల్లలతో ఊరు విడిచి పల్లెలకు పోయిరని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

ప్రతిచోటను శిష్యుడు బండి ఆపి, తేదీలు, కొలతలు తడుముకొనకుండ చెప్పుచుండెను. వాడు చెప్పు తీరు నాకు ముచ్చట గొలిపెను. కాని ఒక సంగతి గమనించితిని. మాతోకూడ వచ్చిన యాత్రికులలో ఒకామె, “బాబూ, మీదే ఊరు?” అని అడిగెను. వాడు, “ఇక్కడేనండి, దగ్గరలోనే” అని మాట దాటవేసి, బండి ముందునకు పోనిచ్చెను. నాకు గుండెలో ముల్లు గుచ్చినట్లయ్యెను. అప్పుడేమియు అనలేదు.

కైలాసగిరి పాదమున తెన్నేటి పార్కువద్ద కొబ్బరినీళ్లు త్రాగితిమి. తెన్నేటి విశ్వనాథము గారు స్వాతంత్ర్య యోధులు, విశాఖ ఉక్కు కర్మాగారమునకై పోరాడిన పెద్దలు. ఆ తరువాత దారి కొండకును కడలికిని నడుమ మెలికలు తిరుగును. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును తాకినప్పుడు నగరమున చెట్లు నేలకూలినవి. ఆ తుపానే మా కొండలపైకి వచ్చి కాఫీ తోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లను విరిచినది. గాలికి కొండ, కడలి అను భేదము లేదు. ఆ భేదము మన మనస్సులలోనిదే.

ఋషికొండ దాటి తొట్లకొండ ఎక్కునప్పుడు సైకిలు సత్తా తెలిసినది. మామూలు మనిషి తీరికగా పెడలు త్రొక్కినచో డెబ్బదియైదు, నూరు వాట్ల బలమునకు మించి చాలసేపు ఇయ్యలేడు. ఆ ఎగువలో నా బలమునకు రెండింతలకు పైగా మోటారు జతచేసెను. ఊపిరి అందుచుండగనే పైకి చేరితిని. అచ్చట రెండువేల యేండ్ల నాటి బౌద్ధ విహారపు శిథిలములు కలవు. భిక్షువులు రాతిని తొలిచి తొట్లు చేసి వాననీటిని దాచుకొనిరి. ఆ తొట్లనుబట్టియే కొండకు ఆ పేరు వచ్చినది.

మిగిలినవారు ఫోటోలు తీసికొనుచుండగా నేను వానిని ఒక రాతిమీద కూర్చుండబెట్టి అడిగితిని.

“ఒరే, ఈ బండిలో కరెంటు ఎక్కడిదిరా?”

“రాత్రి ప్లగ్గులో పెట్టి నింపుతాం, మాస్టారూ.”

“ప్లగ్గులోనికి ఎక్కడినుండి వచ్చింది?”

వాడు తల వంచుకొన్నాడు. వానికి తెలియక కాదు. 1955 లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పని ప్రారంభించినది. జోలాపుట్ వద్ద ఆపిన నీరు డుడుమ జలపాతపు పల్లమును వాడుకొని యంత్రములను త్రిప్పును. ఆరు యంత్రములు కలిసి 1,20,000 కిలోవాట్ల సామర్థ్యము. ఆ కరెంటు తీగెలమీద కొండలు దిగి కోస్తా జిల్లాలకు వెలుగునిచ్చినది. నేడు ఎన్నో కేంద్రముల కరెంటు ఒకే వలలో కలిసి ప్రవహించుచున్నది గనుక ఇది మాచ్‌ఖండ్‌ది, ఇది కాదు అని వేరుచేసి చూపలేము. ఏటిలో కలిసిన వాగునీటిని వేరుచేయగలమా? కాని వాగు లేదనుట మాత్రము అబద్ధము.

అక్కడనే వానిచేత ఒక లెక్క కట్టించితిని. ఇట్టి సైకిలు బ్యాటరీలో సుమారు 360 వాట్-గంటల శక్తి పట్టునట. అనగా యూనిటులో మూడవవంతు కంటె కొంచెము ఎక్కువ. నష్టమేమియు లేదనుకొన్నను, ఆ శక్తి పుట్టుటకు నూరు మీటర్ల ఎత్తునుండి 1,300 లీటర్లకు పైగా నీరు పడవలెను. మన యిండ్లలోని రెండువందల లీటర్ల పీపాలు ఆరున్నర! మేము తీరమంతయు తిరిగి వచ్చిన విహారమునకు ఆరున్నర పీపాల కొండనీరు క్రిందికి దూకినదన్నమాట.

లెక్క ముగించి వాడు చాలసేపు సముద్రమువైపు చూచినాడు. తరువాత మెల్లగా, “మా తాత పొలం ఆ నీటి అడుగునే ఉంది, మాస్టారూ. పడవలో పోతుంటే ఇదిగో ఇక్కడే మన చోళ్ల మడి అని చూపించేవాడు. చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనబడేది కాదు” అన్నాడు.

జలాశయము నిండినప్పుడు రెండు రాష్ట్రముల సరిహద్దున పలు పల్లెలు మునిగినవి. అందలి కుటుంబములలో పెక్కు గిరిజనులవి. ఆ వెలుగు పుట్టిన కొండలలోనే కొన్ని గూడెములకు దీపము ఎన్నో దశాబ్దములకు గాని చేరలేదు. ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. వెలుగు అనుభవించువారికి దాని వెల తెలిసియుండుట మర్యాద. ఓడలకు, విమానములకు ఫలకములున్నవి. మునిగిన చోళ్ల మడికి ఫలకము లేదు. దానికి ఫలకము వంటివాడు ఆ మడివాని మనుమడే. వాడు నోరు మూసికొనినచో ఆ కథయు నీటి అడుగునకే పోవును.

“ఇన్ని కట్టడాల సంగతి చెప్తున్నావు. నీ ఊరి సంగతి ఎందుకు చెప్పవురా?” అంటిని.

“నవ్వుతారేమోనని, మాస్టారూ” అన్నాడు.

నేను మారు పలుకలేదు. మా బడిలో వానికి భూగోళము నేర్పితిని, లెక్కలు నేర్పితిని. తన ఊరి పేరు తలయెత్తి చెప్పుట నేర్పలేదే యని నా మీద నాకే కోపము వచ్చినది.

తిరుగు ప్రయాణమున తీరము చేరి బండ్లు అప్పగించుచుండగా ఉదయము అడిగిన ఆమెయే, “ఎంత చార్జి అయిందో గాని, కాళ్లు నొప్పి లేకుండా భలే తిప్పావు బాబూ!” అన్నది. వాడు ఒక్క క్షణము నావైపు చూచి, “ఆరున్నర పీపాల నీళ్లండి. మా ముంచింగిపుట్టు కొండల నీళ్లు” అన్నాడు. ఆమెకు అర్థము కాలేదు. అందరును బండ్ల చుట్టును మూగిరి. వాడు జోలాపుట్ సంగతి మొదలుపెట్టినాడు. వచ్చిన తడబాటు మొదటి రెండు మాటలలోనే తీరిపోయినది. ఎవరును నవ్వలేదు. ఒకాయన మాత్రము, “ఆ జలాశయము చూడాలంటే ఎట్లా పోవాలి?” అని అడిగినాడు.

శ్రోతలారా! మీలో ఎవరైనను విశాఖ తీరమును ఇట్లు సైకిలుపై చూడదలచినచో తెల్లవారుజామున బయలుదేరుడు. హెల్మెటు పట్టీ బిగించుకొనుడు. మోటారు ఉన్నది గదా యని రద్దీలో వేగము పెంచకుడు. బ్యాటరీని ఎండలో ఉంచక, దానికి తగిన చార్జరుతోనే నింపుడు. దారి చూపువాడు ఏ ఊరివాడో ఒకమాటు అడుగుడు. అడిగి, వాడు చెప్పువరకు ఆగుడు.