టామ్ కోవన్ ఏ బడిలో చదివాడు?
(పఠాభి స్మారకోపన్యాసం)

పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1919లో ఇక్కడ నెల్లూరులో పుట్టారు, 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేసి ఛందోపండితులకు నిద్ర లేకుండా చేశారు. కె.వి. రెడ్డితో చిత్రనిర్మాణం, 1970లో కన్నడ ‘సంస్కార’, దానికి సెన్సారు అడ్డంకి, ఆపైన రాష్ట్రపతి స్వర్ణపతకం, ఎమర్జెన్సీలో ఆయన భార్య స్నేహలతారెడ్డి జైలు: ఈ వరస మీకు నాకంటే బాగా తెలుసు. నేను ఎత్తుకునేది ఆ సినిమాకు కెమెరా పట్టిన ఆస్ట్రేలియన్ టామ్ కోవన్ సంగతి.

రెండేళ్ళకే కోవన్ పూర్తినిడివి చిత్రాల దర్శకుడయ్యాడు: ‘ది ఆఫీస్ పిక్నిక్’ (1972), ‘ప్రామిస్డ్ వుమన్’ (1975), ‘జర్నీ అమాంగ్ విమెన్’ (1977). దీన్ని పట్టుకుని, ‘సంస్కార’లో మలెనాడు అగ్రహారం అంత సహజంగా కనిపించడం విదేశీ కెమెరా పుణ్యమేననీ, అసలు దర్శకుడు అతనేననీ సూచించే వాదం ఒకటుంది. దానితో నాకు చాలాకాలంగా పేచీ. సాక్ష్యం తిరగేసి చదివితే అప్పు తీసుకున్నది కోవనే. ‘సంస్కార’లో ఏముంది? ఆచారాల కట్టుబాటులో బతికే చిన్న గుంపు. ఆచారం విడిచిన నారణప్ప శవానికి ఎవరు నిప్పు పెట్టాలో తేలక అది బిగుసుకుపోవడం. నారణప్పతో బతికిన, ఆ గుంపు లెక్కలో లేని చంద్రి. అడవిలో ఆమెను కలిశాక కొరగాకుండా పోయిన అగ్రహార పెద్ద ప్రాణేశాచార్యుడి పాండిత్యం. ఇక కోవన్ మొదటి చిత్రంలో పిక్నిక్‌కు పోయిన ఆఫీసు ఉద్యోగుల్లోంచి ఓ యువజంట కనిపించకుండా పోతుంది. రెండోదాంట్లో సంబంధం కుదిరి గ్రీసు నుంచి సిడ్నీలో దిగిన పెళ్ళికూతుర్ని, వయసు మీరిందని వరుడు వద్దంటాడు. మూడోదాంట్లో శిక్షపడిన స్త్రీలు చెర తప్పించుకుని అడవిలో సొంత బతుకు కట్టుకుంటారు.

అడవిలో మనుషులు మాయమవడం ఆస్ట్రేలియా సొంత కథ, పీటర్ వియర్ ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ (1975) చూడలేదా అంటారు. మొదటి చిత్రం వరకు ఆ అభ్యంతరం నిలుస్తుంది. రెండోదాంట్లో అసలు విషయం అడవి కాదు, గుంపు ఆడదానికి కట్టిన వెల. మూడోదాంట్లో అడవి ఆ స్త్రీలను మింగదు, చట్టం అవతలికి దాటిస్తుంది. ప్రాణేశాచార్యుడికి చేసిందీ అదే. కథ అనంతమూర్తిది (నవల 1965), స్క్రీన్‌ప్లే గిరీశ్ కర్నాడ్‌ది, పఠాభిది ఏముందనేది ఇంకాస్త బరువైన ప్రశ్న. ఆచార్యుడి మనసులోకి దిగడానికి నవలాకారుడికి వాక్యాలున్నాయి. తెర మీద ఆ పని ముఖం, నీడ, దూరం చెయ్యాలి. ఏది ఎంతసేపు చూపాలో కెమెరా పక్కన నిలబడి తేల్చుకోవలసిన వాడు దర్శకుడే. ఛందస్సు వదిలి లయ నిలబెట్టిన కవికి అది కొత్త విద్య కాదు. పోలికలు రుజువులు కావు, ఒప్పుకుంటాను. అవతలి వాదానికి అవి కూడా లేవు.

ఛాయాగ్రహణం కింది మెట్టు, దర్శకత్వం పై మెట్టు అనే లెక్క కూడా కోవన్ దగ్గర చెల్లదు. మూడు చిత్రాలు తీశాక అతను జాన్ డ్యూగన్ ‘మౌత్ టు మౌత్’ (1978), ‘వింటర్ ఆఫ్ అవర్ డ్రీమ్స్’ (1981)లకు మళ్ళీ కెమెరా పట్టాడు. మనం మాత్రం వాహినీ ‘వందేమాతరం’ (1939) ఛాయాగ్రాహకుడు కె. రామ్‌నాథ్‌ను ‘మర్మయోగి’ (1951) దర్శకుడిగానే తలుస్తాం. ‘సీతారామ కల్యాణం’ (1961) ట్రిక్కుల రవికాంత్ నగాయిచ్‌ను ‘ఫర్జ్’ (1967) తీసినందుకే లెక్కలోకి తీసుకుంటాం. అందుకే తెలుగు సినిమా మీద ఇప్పుడు రాస్తున్న గ్రంథంలో దర్శకుల వరస తీసేసి ఛాయాగ్రాహకుల వరస పెట్టాను. మార్కస్ బార్ట్‌లీకి రెండు అధ్యాయాలు పట్టాయి, ‘మాయాబజార్’ (1957) ఒక్కదానికే ఒకటి. తెలుగు గ్రంథంలో కన్నడ ‘సంస్కార’ ఎందుకని అడిగేవారికి ఇప్పుడే చెబుతున్నాను: అది మాత్రం నెల్లూరు శీర్షిక కింద, పఠాభి కవిత్వం పక్కనే ఉంటుంది, అక్కణ్ణించి తీసే ఉద్దేశం నాకు లేదు.