పన్ను తీయించుకున్న తరువాత
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పండుగనాడు పంటి మాట ఏమిటని నవ్వకండి. ఉగాది పచ్చడి సైతం నోట పెట్టలేకపోయిన ఒక ఉగాది నాకు జ్ఞాపకమున్నది. తప్పు పూర్తిగా నాదే.

పండుగకు నాలుగు దినాల ముందు రాయవేలూరులో దవడపన్ను తీయించుకున్నాను. "రేపు ఈ వేళవరకు ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, పొగ త్రాగవద్దు" అని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. నేను తలయూపాను. కాని కాట్పాడిలో బండి ఎక్కింది మొదలు గుడియాత్తంలో దిగేవరకు కిటికీలోనుంచి ఉమ్ముతూనే ఉన్నాను. ఇల్లు చేరి గట్టిగా పుక్కిలించి, బీడీ వెలిగించాను. మూడవనాటికి పోటు చెవిదాకా ప్రాకింది.

తిరిగి వెళ్తే డాక్టరుగారు విషయం చెప్పారు. పన్ను పోయిన గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత. ఆ మూత ఊడితే లోపలి ఎముక బయటపడుతుంది. దానినే డ్రై సాకెట్ అంటారు. గుంట కడిగి మందు పెట్టాక, ఆ రాత్రి నిద్రపట్టింది.

నా అవస్థ చూసి మా అమ్మ, పుచ్చిన పన్ను ఉన్నా, ఏడాదిపాటు డాక్టరు గడప తొక్కనన్నది. అదే నాకు ఎక్కువ బాధ. చివరకు ఒప్పించి తీసుకువెళ్లాను. తనకు చక్కెర వ్యాధి ఉన్నదని ముందే చెప్పాము. దూదిగుడ్డను అరగంటకు పైగా కదపక కొరికి పట్టుకున్నది. ఆ పూట చల్లని పెరుగన్నం. మరునాటినుంచి భోజనమైన ప్రతిసారీ, గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట పోసుకుని మెల్లగా వదిలేది. వక్కాకు వారం రోజులు ముట్టలేదు. రెండు వారాలలో చిగురు చాలావరకు మూసుకున్నది. లోపలి ఎముక నిండడానికి మాత్రం నెలలు పడుతుంది.

మనలో మగ్గం మీద, బీడీలు చుట్టి బ్రతికేవారున్నారు. మూడు రోజుల నొప్పి అంటే మూడు రోజుల కూలి. కనుక గాయంలో పొగాకు, లవంగనూనె కుక్కకండి. మొదటి రెండు మూడు రోజుల నొప్పి తగ్గుతూ వస్తే భయం లేదు. తగ్గవలసిన నొప్పి పెరిగినా, జ్వరం, వాపు హెచ్చినా, నెత్తురు ఆగకపోయినా ఇరుగుపొరుగు వైద్యం మాని డాక్టరువద్దకు పరుగెత్తండి.

సిగ్నలు పడనిదే బండి కదలకూడదని నిత్యం చూసే రైల్వే గుమాస్తానే నేను తొందరపడ్డాను. మీరు పడకండి. అందరూ ఆరు రుచులూ హాయిగా నమిలి ఆరగించాలని కోరుతూ, సెలవు.